సర్వైకల్ క్యాన్సర్‌కి రోబో వద్దు, పొట్ట కోసే చేస్తానంటున్నారు. ఇదెక్కడి పద్ధతి?

బొబ్బిలి_వీణ
మా పిన్నికి 46 ఏళ్ళు. నెలసరి కాని రోజుల్లో రక్తం కనపడుతోందని చూపిస్తే, బయాప్సీలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని వచ్చింది. గడ్డ 2.6 సెంటీమీటర్లు, పక్కలకి పాకలేదు, లింఫ్ గ్రంథులు మామూలుగానే ఉన్నాయి అని ఎమ్మారై రిపోర్టులో రాశారు. స్టేజి 1బీ2 అట.

విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "మా దగ్గర రోబో ఉంది, నాలుగు చిన్న రంధ్రాలు, మూడో రోజు ఇంటికి" అన్నారు. ఎందుకైనా మంచిదని ఇంకో సర్జన్‌కి చూపించాం. ఆయన ఫైలు మొత్తం తిరగేసి, "రోబో నా దగ్గరా ఉందమ్మా, కానీ ఈ జబ్బుకి వాడను. పొట్ట కోసే చేస్తాను" అని తేల్చేశారు. బొడ్డు దగ్గర్నించి కిందిదాకా నిలువు కోత. పిన్ని ఒకటే ఏడుపు. బాబాయేమో "ఆయనకి రోబో చేతకాక అలా అంటున్నాడు" అంటున్నారు.

పోయినేడు మా మేనత్తకి గర్భసంచి క్యాన్సర్ వస్తే లాపరోస్కోపీలోనే, అంటే చిన్న రంధ్రాల్లోంచే తీసేశారు. నెల తిరక్కుండా పెళ్ళికి వచ్చి బంతిలో వడ్డన కూడా చేసింది. మరి పిన్నికెందుకీ కోత? తెలిసినవాళ్ళు చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డ్‌లు వద్దు, దణ్ణం పెడతాను.

కూకట్‌పల్లి కిరణ్
మీ బాబాయి అన్నదే నిజమయ్యుంటుంది. మా ఆఫీసులో ఒకాయనకి ప్రొస్టేట్ ఆపరేషన్ రోబోతోనే చేశారు, వారంలో మీటింగ్‌లో కూర్చున్నాడు. ఈ రోజుల్లో కూడా పొట్ట నిలువునా చీల్చడమేంటి? డాక్టర్ని మార్చండి.

మిర్చి బజ్జీ
ప్రొస్టేట్‌తో ఆగారు, సంతోషం. నేనింకా మీ బైక్ సర్వీసింగ్ గురించి చెప్తారేమో అనుకున్నా.

నైట్ డ్యూటీ
గైనిక్ ఆంకాలజీలో ట్రైనింగ్‌లో ఉన్నాను, ఊరూ పేరూ అడక్కండి. వీణ గారూ, రెండో సర్జన్ చెప్పిందే ఇప్పుడు ప్రామాణిక పద్ధతి. ఆయన పాతకాలం మనిషేం కాదు. 2018 తర్వాత వచ్చిన పేపర్లు చదివిన మనిషి.

అంతకు ముందు అందరూ మీలాగే అనుకున్నారు. రంధ్రాలతో చేస్తే రక్తం తక్కువ పోతుంది, నొప్పి తక్కువ, ఇంటికి తొందరగా పోవచ్చు. క్యాన్సర్ సంగతికొస్తే ఎలా చేసినా ఒకటేలే అన్న ధీమా. దాన్నే గట్టిగా రుజువు చేద్దామని హ్యూస్టన్ ఎండీ ఆండర్సన్‌లో డాక్టర్ పెడ్రో రమిరెజ్ బృందం 'ల్యాక్' అనే ట్రయల్ మొదలుపెట్టింది. 33 ఆసుపత్రులు, 631 మంది ఆడవాళ్ళు, అందరూ తొలి దశ వాళ్ళే. ఎవరికి ఏ ఆపరేషన్ అనేది కంప్యూటర్ తేల్చింది: 312 మందికి కోత, 319 మందికి లాపరోస్కోపీ లేదా రోబో. అసలైతే 740 మందిని చేర్చుకోవాలి. కానీ మధ్యలో భద్రతా కమిటీ లెక్కలు చూసి, ఇక కొత్తవాళ్ళని చేర్చుకోవద్దంది.

నాలుగున్నరేళ్ళకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు: కోత వాళ్ళలో 96.5 శాతం, రంధ్రాల వాళ్ళలో 86 శాతం. మూడేళ్ళకి బతికున్నవాళ్ళు 99 శాతం, 93.8 శాతం. 2018 నవంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. మా ప్రొఫెసర్ క్లాసులో చెప్తుంటారు, ఆ వారంలో చాలా చోట్ల ఆపరేషన్ లిస్టులు తిరగరాశారని.

బొబ్బిలి_వీణ
అంటే రోబోతో చేస్తే పది మందిలో ఒకరికి అదనంగా తిరగబెడుతుందా? మరి ఆ మొదటి ఆసుపత్రిలో ఒక్క ముక్క కూడా చెప్పలేదేం?

నల్గొండ_శీను
చెప్తే ఆ మెషీన్ ఈఎంఐ ఎవరు కడతారక్కా?

డల్లాస్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరిక ఇచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కీ, సర్వైకల్ క్యాన్సర్‌కీ రోబో సాధనాలు వాడేటప్పుడు జాగ్రత్త, క్యాన్సర్‌ని నయం చెయ్యడానికని ఈ యంత్రాలకి మేం అనుమతి ఇవ్వలేదు, పేషెంట్లు లాభనష్టాలు అడిగి తెలుసుకోండి అని. యంత్రం ఖరీదు చూసి మంచిదనుకోవడం మనవాళ్ళకి ఇక్కడా ఉంది, అక్కడా ఉంది.

లెక్కల సుబ్బు
క్లినికల్ ట్రయల్స్ డేటా మీద పనిచేస్తాను. నైట్ డ్యూటీ గారి అంకెలు కరెక్టే. కానీ భయపడేముందు రెండు సంగతులు చూడండి.

ఒకటి. ఆ పేపర్‌లో "చనిపోయే ముప్పు 6 రెట్లు" అని ఉంటుంది. యూట్యూబ్ వాళ్ళంతా పట్టుకున్నది అదే. లోపల చూస్తే రంధ్రాల వైపు 19 మరణాలు, కోత వైపు 3. అంత చిన్న సంఖ్యల మధ్య రెట్లు ఎటైనా ఊగుతాయి. 2024లో అదే ట్రయల్ తుది లెక్కలు వచ్చాయి. అందులో ముప్పు 2.7 రెట్లకి దిగింది. నాలుగున్నరేళ్ళకి బతికున్నవాళ్ళు 96.2 శాతం, 90.6 శాతం. తగ్గింది గానీ తేడా పోలేదు. జబ్బు తిరగబెట్టడంలో మాత్రం అంతరం అలాగే ఉంది: 96, 85.

రెండు. ట్రయల్ మొదలుపెట్టేటప్పుడు కోతతో నాలుగున్నరేళ్ళకి 90 శాతం మంది జబ్బు లేకుండా ఉంటారని అంచనా వేసుకున్నారు. తీరా 96.5 వచ్చింది. రోబో పక్షం వాళ్ళు గట్టిగా పట్టుకునే వాదన ఇదే. కోత వైపు అసాధారణంగా బాగా వచ్చింది, అందుకే రంధ్రాల వైపు అంత దారుణంగా కనిపిస్తోంది అని.

కూకట్‌పల్లి కిరణ్
చూశారా. నేనన్నదీ అదే.

లెక్కల సుబ్బు
మీరన్నది అది కాదు కిరణ్. మీరన్నది డాక్టర్ని మార్చమని.

మిర్చి బజ్జీ
😂😂

కూకట్‌పల్లి కిరణ్
సరే, జోకులు ఆపి దీనికి జవాబు చెప్పండి. ఆ ట్రయల్లో రోబోతో చేసినవి ఎన్ని? నేనూ చదివాను. రంధ్రాల గుంపులో రోబోవి 15.6 శాతమే, మిగతాదంతా మామూలు లాపరోస్కోపీ. మరి రోబో మీద తీర్పెలా ఇస్తారు? పైగా ఆ సర్జన్లకి అనుభవం ఉందో లేదో.

నైట్ డ్యూటీ
మొదటి ప్రశ్న న్యాయమైందే. అందుకే స్వీడన్ వాళ్ళు రోబోకీ కోతకీ మధ్య విడిగా 'ఆర్‌ఏసీసీ' అని ట్రయల్ మొదలుపెట్టారు. కానీ రోబో మేలని రుజువు కానంతవరకూ, అనుమానం మిగిలి ఉన్నదాన్ని పేషెంటు మీద వాడం. అమెరికా క్యాన్సర్ నిపుణుల ఎన్‌సీసీఎన్, యూరప్ గైనిక్ ఆంకాలజిస్టుల ఈఎస్‌జీఓ మార్గదర్శకాలు రెండూ కోతనే ప్రామాణికం అంటున్నాయి.

అనుభవం సంగతి మాత్రం తప్పు. ల్యాక్‌లో చేరాలంటే ప్రతి ఆసుపత్రీ 10 లాపరోస్కోపీ లేదా రోబో కేసుల ఫలితాలు, ఎడిటింగ్ చెయ్యని రెండు ఆపరేషన్ వీడియోలు ముందే ఇవ్వాలి. చేతకానివాళ్ళని రానివ్వలేదు.

డల్లాస్_బాబాయ్
ఇంకో తమాషా. ఆ ట్రయల్‌కి డబ్బిచ్చినవాళ్ళలో మెడ్‌ట్రానిక్ ఉంది. లాపరోస్కోపీ సామాను అమ్మేది వాళ్ళే. సొంత డబ్బుతో సొంత సరుకుకే దెబ్బ వేయించుకున్నారు పాపం.

నల్గొండ_శీను
అందుకే నాకు ఆ రిజల్టు మీద ఇంకా నమ్మకం పెరిగింది.

ఓటీ రాజు
ఆపరేషన్ థియేటర్లో టెక్నీషియన్‌ని. అంకెలు మీరు చూస్కోండి, నేను చేతుల్లో పట్టుకునేది చెప్తాను.

లాపరోస్కోపీలో గర్భసంచిని అటూ ఇటూ కదపడానికి కింది నుంచి ఒక సాధనం పెడతాం. యుటరైన్ మానిప్యులేటర్ అంటారు. పొడుగ్గా ఉంటుంది, కొసన చిన్న బెలూన్ లాంటిది, దాని కింద ఒక కప్పు. కొస ముఖద్వారంలోంచి గర్భసంచి లోపలికి దూరుతుంది. కప్పు వచ్చి సరిగ్గా ముఖద్వారం చుట్టూ బిగుస్తుంది. కింద కూర్చున్న అసిస్టెంట్ ఆ పిడి పట్టుకుని పైకి నెడుతూ, డాక్టర్ గారు "లెఫ్ట్, ఇంకా పైకి" అంటుంటే తిప్పుతూ ఉంటాడు. రెండు మూడు గంటలు.

ఫైబ్రాయిడ్‌కి తీసే గర్భసంచికైతే ఇబ్బంది లేదు. కానీ ఇక్కడ గడ్డ ఉన్నదే ముఖద్వారం మీద. ఆ గడ్డని పొడుచుకుని లోపలికి పోతాం, దాని మీదే కప్పు నొక్కుతాం. చివర్లో ఆ కప్పు అంచు వెంబడే యోనిని లోపలి నుంచి కోస్తారు. ఆ టైములో పొట్ట నిండా కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఉంటుంది, పేషెంటు తల కిందికి వాల్చి ఉంటుంది. కోసిన క్షణం గడ్డ పొట్ట లోపలికి తెరుచుకుంటుంది. నేను డాక్టర్ని కాదు గానీ, కణాలు కొన్ని రాలి పైకి పోతాయేమో అని నాకే అనిపించేది.

కోత పెట్టి చేసేటప్పుడు మా సార్ ముందు గడ్డకి దిగువన యోనిని రెండు వంకర క్లాంపులతో అడ్డంగా మూసేస్తారు. ఆ క్లాంపుల కింద కోస్తారు. గడ్డ మూసిన సంచీలో ఉన్నట్టే బయటికొస్తుంది, ఎక్కడా తెరుచుకోదు.

లక్ష్మి_టీచర్
రాజూ, ఇంత వివరంగా మాకు ఏ డాక్టరూ చెప్పలేదు నాయనా.

నైట్ డ్యూటీ
ఓటీ రాజు గారికి అనిపించిందే పరిశోధకులకీ అనిపించింది. యూరప్‌లో 'సక్కర్' అని ఒక అధ్యయనం చేశారు. 2013, 2014ల్లో ఆపరేషన్ అయినవాళ్ళ రికార్డులు వెనక్కి వెళ్ళి చూశారు. మొత్తం మీద రంధ్రాల వాళ్ళకి తిరగబెట్టే ముప్పు రెట్టింపు. మానిప్యులేటర్ వాడినవాళ్ళలో 2.76 రెట్లు. వాడనివాళ్ళలో, అలాగే గడ్డని కప్పేస్తూ యోనిని ముందే కుట్టేసినవాళ్ళలో, ఫలితం దాదాపు కోతతో సమానం.

కూకట్‌పల్లి కిరణ్
మరింకేం! మానిప్యులేటర్ పెట్టకుండా, ముందే కుట్టేసి, రోబోతో చేయమందాం. రెండు విధాలా లాభం కదా.

లెక్కల సుబ్బు
అలా అనుకోవడం తేలిక. సక్కర్ వెనక్కి తిరిగి చూసిన అధ్యయనం. ఎవరికి మానిప్యులేటర్ వాడాలో, ఎవరికి వద్దో చీటీ వేసి తేల్చలేదు, డాక్టర్ల ఇష్టం. వాడనివాళ్ళు మొదట్నుంచీ జాగ్రత్తపరులైన సర్జన్లేమో, వాళ్ళకి చిన్న గడ్డలే వచ్చాయేమో. ఎంత సర్దినా ఆ అనుమానం పోదు. దాన్ని పట్టుకుని ట్రయల్ చెయ్యాలి గానీ, మా పిన్నికి చెయ్యండి అనకూడదు.

డల్లాస్_బాబాయ్
వెనక్కి తిరిగి చూసినవాటిలో అమెరికా డేటా కూడా ల్యాక్ ఫలితాలు వచ్చిన రోజునే వచ్చింది. 2010 నుంచి 2013 మధ్య 2,461 మంది. నాలుగేళ్ళలో చనిపోయినవాళ్ళు రంధ్రాల వైపు 9.1 శాతం, కోత వైపు 5.3. 2006లో లాపరోస్కోపీ ఊపందుకున్నప్పటి నుంచీ అమెరికాలో ఈ ఆపరేషన్ తర్వాత నాలుగేళ్ళు బతికేవాళ్ళ శాతం ఏటా కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చిందని కూడా తేల్చారు. ఏటా 0.8 శాతం. అన్నేళ్ళూ ఎవరికీ కనపడలేదు. నాకు అది చదివినప్పుడు ఒళ్ళు మండింది.

బొబ్బిలి_వీణ
ఇక్కడిదాకా అర్థమైంది. మరి మా మేనత్త సంగతి? ఆవిడదీ గర్భసంచి క్యాన్సరే కదా. ఆవిడకీ తప్పు చేశారా?

నైట్ డ్యూటీ
లేదు లేదు, ఆవిడకి చేసింది సరైనదే. కంగారు పెట్టకండి. ఆవిడది గర్భసంచి లోపలి పొరలో వచ్చే క్యాన్సర్ అయ్యుంటుంది, ఎండోమెట్రియల్. సాధారణంగా ముట్లుడిగాక వస్తుంది. దానికి లాపరోస్కోపీ సురక్షితమని పెద్ద ట్రయల్సే ఉన్నాయి. ల్యాప్2 అనే ట్రయల్లో 2,600 మందికి పైగా ఉన్నారు, ఐదేళ్ళకి రెండు వైపులా బతికినవాళ్ళు 89.8 శాతం. ఆస్ట్రేలియా వాళ్ళ 'లేస్'లోనూ తేడా రాలేదు. అక్కడ గడ్డ గర్భసంచి గోడల మధ్య ఉంటుంది, కోత దానికి తగలదు. ముఖద్వారం క్యాన్సర్‌లో గడ్డ అంచు పక్కనే కోయాలి. ఒకే అవయవం, రెండు వేరే జబ్బులు. ఇంట్లో ఈ రెంటినీ కలిపేసి మాట్లాడతారు, అక్కడే తికమక అంతా.

నల్గొండ_శీను
మా అక్కది ఇంకో కథ. తెల్లబట్ట అవుతోందని పోతే, ఏ పరీక్షా లేకుండా ఊళ్ళో నర్సింగ్‌హోమ్‌లో గర్భసంచి తీసేశారు. తీసినదాన్ని ల్యాబ్‌కి పంపితే ముఖద్వారంలో క్యాన్సర్. అప్పుడు హైదరాబాద్ పొమ్మన్నారు. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో చూసి, మామూలు గర్భసంచి ఆపరేషన్ దీనికి సరిపోదు, పక్క కణజాలం, గ్రంథులు అలాగే ఉండిపోయాయి అన్నారు. కరెంటు, అదే రేడియేషన్, పెట్టాల్సి వచ్చింది. ముందే ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే స్మియర్ పరీక్ష ఒకటి చేసుంటే ఇదంతా ఉండేది కాదు కదా.

వార్డు సిస్టర్
శీనూ, మీ అక్కలాంటివాళ్ళు మా వార్డుకి వస్తూనే ఉంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశంలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే బాగా ఎక్కువ. అందులో పరీక్ష చేశాక తీసినవెన్నో మాత్రం అడక్కండి.

లక్ష్మి_టీచర్
నాది స్టేజి 2బీ, పక్కలకి పాకింది. ఆపరేషనే వద్దన్నారు. మా ఇంట్లోనూ రభస, "తీసేస్తే పోయేదానికి కరెంటెందుకు" అని. వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించి, రోజూ బయటి నుంచి కరెంటు, చివర్లో లోపలి కరెంటు, అదే బ్రాకీథెరపీ. అది భయంకరంగా ఉంటుందని విన్నాను. మత్తిచ్చారు, తర్వాత నడుం నొప్పి తప్ప పెద్దగా గుర్తులేదు. రిటైరయ్యాను, ఇప్పుడు మనవణ్ణి స్కూలు బస్సెక్కిస్తున్నాను. 1బీ2 అంటే నాకంటే ముందే దొరికింది, మీ పిన్నికి ధైర్యం చెప్పు వీణా.

నైట్ డ్యూటీ
లక్ష్మి గారూ, మీకు చేసినదాని వెనక మన దేశపు ట్రయలే ఉంది. ముంబై టాటా మెమోరియల్‌లో 635 మంది మీద చేశారు, 2018లో వచ్చింది. 1బీ2 నుంచి 2బీ దాకా ఉన్నవాళ్ళకి ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చెయ్యడమా, లేక కీమోతో కలిపి కరెంటా అని. ఐదేళ్ళకి జబ్బు లేనివాళ్ళు ఆపరేషన్ వైపు 69.3 శాతం, కరెంటు వైపు 76.7 శాతం.

వీణ గారూ, ఆ 1బీ2 చూసి కంగారు పడకండి. అది పాత లెక్క, 4 సెంటీమీటర్లు దాటిన గడ్డ. 2018లో స్టేజింగ్ మార్చారు. ఇప్పుడు 1బీ2 అంటే 2 నుంచి 4 లోపు. మీ పిన్నిది ఈ కొత్త లెక్క.

కూకట్‌పల్లి కిరణ్
ఈ స్టేజింగ్ మార్చినవాళ్ళని ముందు కరెంటు పెట్టాలి.

మిర్చి బజ్జీ
మొదటిసారి కిరణ్‌తో ఏకీభవిస్తున్నాను. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

రాజమండ్రి_రవళి
షేప్ అని ఇంకో ట్రయల్ వచ్చిందిగా? 2 సెంటీమీటర్ల లోపు గడ్డలకి పక్క కణజాలంతో సహా తీసే రాడికల్ ఆపరేషన్ కూడా అక్కర్లేదు, మామూలుగా గర్భసంచి తీసేస్తే చాలని. అందులో ఎక్కువ మందికి లాపరోస్కోపీ, రోబోలే వాడారని చదివాను. మా చెల్లిది 1.4 సెంటీమీటర్లు, అందుకే అడుగుతున్నా.

నైట్ డ్యూటీ
అవును, 2024లో వచ్చింది, 700 మంది. మూడేళ్ళలో కటిభాగంలో తిరగబెట్టినవాళ్ళు రాడికల్ వైపు 2.17 శాతం, మామూలు ఆపరేషన్ వైపు 2.52 శాతం. మూత్రం సమస్యలు మామూలు దాంట్లో తక్కువ. కానీ అది ఎంచి తీసుకున్న తక్కువ ముప్పు కేసులకే. ఎంత లోతు దిగిందో కూడా చూస్తారు. రోబో మంచిదా కోత మంచిదా అని తేల్చడానికి పెట్టిన ట్రయల్ కాదది. మీ చెల్లెలి ఎమ్మారై, బయాప్సీ పట్టుకుని గైనిక్ ఆంకాలజిస్టునే అడగండి. వీణ గారి పిన్నిది 2.6, ఆ గీత దాటింది.

వార్డు సిస్టర్
వీణమ్మా, కోత పడితే ఏముంటుందో చెప్తాను, పిన్నికి చదివి వినిపించు. మొదటి రెండు రోజులు కష్టమే, అబద్ధం చెప్పను. దగ్గితే కుట్లు లాగుతాయి. చిన్న దిండు పొట్టకి అదిమి పట్టుకుని దగ్గమంటాం. మర్నాడే మంచం దింపి నడిపిస్తాం, తిట్టినా వినం.

విసిగించేది కుట్లు కాదు, యూరిన్ ట్యూబు. రాడికల్ ఆపరేషన్‌లో మూత్రాశయానికి పోయే నరాల దగ్గర పని చేస్తారు. అందుకని అది కొన్నాళ్ళు మొద్దుబారుతుంది. కోతైనా రోబో అయినా ఇది తప్పదు. ట్యూబు తీశాక పేషెంటు మూత్రం పోయగానే మంచం మీద పడుకోబెట్టి స్కాన్ పెట్టి, లోపలెంత మిగిలిందో చూస్తాం. ఎక్కువ మిగిలితే మళ్ళీ ట్యూబే. కొందరు ట్యూబుతోనే ఇంటికెళ్తారు. అది చూసి ఆపరేషన్ ఫెయిలైందని చుట్టాలు గోల చేస్తారు. ఫెయిలవలేదు, టైము పడుతుంది అంతే.

బొబ్బిలి_వీణ
సిస్టర్ గారూ, ఈ ట్యూబు సంగతి రెండు ఆసుపత్రుల్లోనూ చెప్పలేదు. థాంక్యూ. మళ్ళీ రెండో డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. ఏమేం అడగాలి?

నైట్ డ్యూటీ
ఆయన ఇలాంటి రాడికల్ ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారు. కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా, అంటే రేడియేషన్ డాక్టర్, రేడియాలజిస్టు కూడా చూశారా. అండాశయాలు ఉంచుతారా. 46కి ఉంచే వీలుంటే అడగడంలో తప్పులేదు. అన్నిటికంటే ముఖ్యం, ఆపరేషన్ తర్వాత కరెంటు పడే అవకాశం ఎంత. గ్రంథుల్లో జబ్బు కనిపించినా, అంచుల్లో మిగిలినా తర్వాత కరెంటు తప్పదు, గడ్డ లోతుగా దిగినా పడొచ్చు. ఆ అవకాశం ఎక్కువుంటే ఆపరేషన్ మానేసి నేరుగా కీమో, కరెంటుకే పోవడం మేలు. రెండూ పడితే ఒంటికి కష్టం.

ఓటీ రాజు
"మానిప్యులేటర్ వాడతారా" అని మొదటి ఆసుపత్రిలో కూడా అడిగి చూడండి. మొహం చూస్తే తెలిసిపోతుంది.

కూకట్‌పల్లి కిరణ్
మరీ అలా అనకండి రాజు గారూ. మొదటి డాక్టర్ కూడా మంచి ఉద్దేశంతోనే చెప్పుండొచ్చు. నేనింకా అనేది ఒకటే, పదేళ్ళు పోతే రోబోకి మానిప్యులేటర్ అక్కర్లేని పద్ధతి స్థిరపడుతుంది, అప్పుడు ఈ థ్రెడ్ చూసి నవ్వుకుంటారు.

లెక్కల సుబ్బు
పదేళ్ళ తర్వాత ట్రయల్ పట్టుకు రా తమ్ముడూ, నేనే ముందు చదువుతా.

విజయవాడ_మూర్తి
ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదు. రోబో అంటే ఇన్సూరెన్స్ వాళ్ళు కొన్ని పాలసీల్లో పరిమితి పెడతారు, మిగతాది చేతి నుంచే. కోత ఆపరేషన్ ప్రభుత్వ పథకాల్లోనే అవుతుంది. ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, తెలంగాణలో ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది, బొబ్బిలి వాళ్ళకి దగ్గరే. మెరుగైనదే చవకగా దొరకడం అరుదు, ఇక్కడ అదృష్టం కొద్దీ అదే జరిగింది.

బొబ్బిలి_వీణ
చాలా రోజులకి వస్తున్నాను. కోత పెట్టే చేయించాం. పెథాలజీ రిపోర్టు వచ్చింది, గ్రంథుల్లో లేదు, అంచులు శుభ్రం. ప్రస్తుతానికి కరెంటు అక్కర్లేదన్నారు, మూడు నెలలకోసారి చూపించుకోవాలి. ట్యూబుతోనే ఇంటికొచ్చింది, సిస్టర్ గారు చెప్పబట్టి ఎవరూ గోల చెయ్యలేదు. బాబాయి మాత్రం ఇప్పటికీ "రోబో అయితే ఈపాటికి వంట చేసేది" అంటున్నారు. "అయితే ఆ వంటేదో నువ్వే చెయ్యి" అంది పిన్ని.

వార్డు సిస్టర్
పిన్నికి నా తరఫున ఒక దండం.

ఖమ్మం_గుమ్మం
అందరూ కోత గురించే మాట్లాడారు. అసలిది రాకుండా ఆపగలిగే జబ్బు కదా. వీణ గారూ, పిన్నికి ఆడపిల్లలున్నారా? ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌కి టీకా ఉంది, వేయించారా? మా జిల్లాలో ఆ మాటెత్తితే ఇప్పటికీ కొట్టేలా చూస్తారు.

నల్గొండ_శీను
2009లో భద్రాచలం వైపు హాస్టల్ పిల్లలకి వేసిన కథేనా?

ఖమ్మం_గుమ్మం
అదే. 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి ఒక అధ్యయనం కింద ఈ టీకా వేశారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు, టీకా వల్ల కాదని విచారణలో చెప్పారు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు చూడండి, అది మాత్రం క్షమించరానిది. 2013లో పార్లమెంటు కమిటీ కూడా గట్టిగానే తిట్టింది. తప్పు టీకాది కాదు, వేసిన తీరుది. కానీ నష్టం మా పిల్లలదే అయింది. మా వదిన తన కూతురికి ఇప్పటికీ వద్దంటోంది.

లెక్కల సుబ్బు
టీకా వద్దంటే కనీసం తల్లులు పరీక్షకైనా రావాలి. మహారాష్ట్ర ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా 31 వేల మంది పల్లెటూరి ఆడవాళ్ళతో ట్రయల్ చేశారు, 2009లో వచ్చింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ టెస్టు చేసిన గుంపులో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఇంత థ్రెడ్‌లో నేను చూసిన అంకెల్లో అన్నిటికంటే పెద్ద లాభం ఇదే. రోబోకీ కోతకీ మధ్య తేడా దీని ముందు చిన్నది.

వార్డు సిస్టర్
దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో ఎప్పుడైనా ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్ళు 2019-21 జాతీయ సర్వేలో 2 శాతం కూడా లేరు సుబ్బు గారూ. అందుకే మా వార్డు ఎప్పుడూ ఖాళీ ఉండదు.

బొబ్బిలి_వీణ
పిన్నికి ఇద్దరమ్మాయిలు, 12, 16. ఇన్నాళ్ళూ ఆ ఆలోచనే రాలేదు. ఇద్దరికీ ఒకే డోసులా?

నైట్ డ్యూటీ
చిన్నదానికి రెండు డోసులు, ఆరు నెలల తేడాతో. పెద్దదానికి 15 దాటింది కాబట్టి మూడు: మొదటిది వేశాక రెండు నెలలకి రెండోది, మొదటిదాని నుంచి ఆరు నెలలకి మూడోది. మన సీరమ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సెర్వావాక్ టీకా వచ్చాక ధర తగ్గింది.

మిర్చి బజ్జీ
మగపిల్లలకి కూడా వేస్తారట కదా. మావాడికి 13. సూది అంటే ఊరంతా పరిగెత్తిస్తాడు.

నైట్ డ్యూటీ
వేస్తారు. సెర్వావాక్ 9 నుంచి 26 ఏళ్ళ దాకా అబ్బాయిలకీ అమ్మాయిలకీ అనుమతి ఉంది. మీవాడికీ రెండే డోసులు, పరీక్షల ముందు కాకుండా శనివారం చూసి వేయించండి.